పాత ట్రాక్టరుకు డీజిలు పంపు, గవర్నరు విప్పి బిగించు విధము

యాసంగి వరి కోతలు ముగిసి, రోహిణి కార్తె ఇంకను దగ్గరపడని కొద్ది దినములలోనే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతులకు ట్రాక్టరు తీరికగా చేతికి దొరకును. మృగశిరలో వాన పడిన పిదప అది దుక్కి నుండి కరిగెటకు, కరిగెట నుండి తోలకమునకు తిరుగుచునే యుండును. అప్పుడు డీజిలు పంపు చెడి బండి మడిలో నిలిచినచో, ఒకవైపు నారు ముదురుచుండగా రైతు షెడ్డు చుట్టు తిరుగవలసి వచ్చును. ఊరందరికి పని ఉన్న దినములలో మిస్త్రీకి మాత్రము తీరిక ఎక్కడిది? కావున ఇంజిను వేగమును అదుపు చేయు భాగములను వేసవిలోనే విప్పి చూచుకొనవలెను. వీటిలో ఏవి రైతు తానే విప్పవచ్చునో, ఏవి ముట్టరాదో, తిరిగి బిగించునపుడు ఎచ్చట పొరపాటు జరుగునో ఇందు తెలుపుచున్నాము.

ఇది పాత ట్రాక్టర్ల మాట. మన దేశములో ఐషర్ ట్రాక్టరు 1959లోను, మద్రాసులో టాఫే సంస్థ 1960లోను, మహీంద్రావారి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ 1963లోను, పింజోరులో హెచ్.ఎం.టి. ట్రాక్టర్లు 1971లోను, స్వరాజ్ 1974లోను వెలువడినవి. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో పునాది పడి, ఆ తరువాత కాకతీయ కాలువ నీరు పారిన కొలది ఈ ప్రాంతమున ట్రాక్టర్ల సంఖ్య పెరిగినది. ఆనాటి నమూనాలు కొన్ని నేటికిని పల్లెలలో తిరుగుచున్నవి. వాటి పంపులు అన్నియు ఇనుముతో, స్ప్రింగులతో పనిచేయునవే, కంప్యూటరు లేదు. 1951లో బెంగుళూరులో స్థాపింపబడిన మైకో సంస్థ పంపులు వీటిలో అనేకమునకు అమర్చబడినవి. 2008 నుండి ఆ సంస్థ పేరు బాష్ లిమిటెడ్. పాత డీజిలు జీపులకు కూడ ఇచ్చట చెప్పునది చాలవరకు వర్తించును.

లీవరు ఏమి చేయును?

స్టీరింగు ప్రక్కనున్న రేసు లీవరును క్రిందికి లాగినచో ఇంజినుకు డీజిలు ఎక్కువ పోవునని చాలమంది తలంతురు. నిజమునకు ఆ లీవరు డీజిలును పోయదు. ఇంత వేగము కావలెనని గవర్నరును అడుగును. ఎంత డీజిలు పోయవలెనో గవర్నరు నిర్ణయించును. నాగలి గట్టి నేలలో దిగి ఇంజిను తడబడినప్పుడు గవర్నరు డీజిలును పెంచును. గట్టు మీదికి నాగలి లేచినప్పుడు తగ్గించును. పొలములో మీరు లీవరు కదపకున్నను ఇంజిను వేగము దాదాపు ఒకే తీరున నుండుటకు కారణము ఇదియే.

వరుస పంపులో ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క ప్లంజరు, బారెలు ఉండును. మిస్త్రీలు ఈ జతను ఎలిమెంటు అందురు. ప్లంజరు పైన ఒక ఏటవాలు గాడి ఉండును. ర్యాకు అను పండ్ల కడ్డీ ముందునకు వెనుకకు జరిగినప్పుడు ప్లంజరు కొద్దిగా తిరిగి, ఆ గాడివలన డీజిలు పాలు పెరుగును లేక తగ్గును. ఆ ర్యాకును జరుపునది గవర్నరు. ఇరుసుతోపాటు తిరుగు రెండు బరువులు వేగము పెరిగిన కొలది విచ్చుకొని ర్యాకును వెనుకకు లాగును. లీవరు స్ప్రింగు దానిని ముందునకు నెట్టును. ఈ రెండింటి లాగులాటలో సమము కుదిరినచోట ఇంజిను వేగము నిలుచును.

ఇంజిను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క నాజిలు నిమిషమునకు 1000 సార్లు డీజిలు చిమ్మును. ప్లంజరునకు బారెలునకు నడుమనుండు సందు మిల్లీమీటరును వెయ్యి వంతులు చేసినచో వాటిలో రెండు మూడు వంతులు మాత్రమే. మన తల వెంట్రుక మందము ఆ లెక్కన 70 వంతుల దాకా ఉండును. ఇక కల్లములో కూర్చుండి, గాలికి పొట్టు ఎగురుచుండగా ఆ పంపును విప్పుట ఎటువంటి పనియో మీరే ఊహింపవచ్చును.

పంపును నిందించుటకు ముందు

బండి నల్లని పొగ వదలిన వెంటనే పంపు విప్పుదురు. ఇది తొందరపాటు. నల్లని పొగ అనగా డీజిలు ఎక్కువ, గాలి తక్కువ అని అర్థము. గాలి తక్కువగుటకు మొదటి కారణము ఎయిర్ క్లీనరు. అడుగు గిన్నెలోని నూనె దుమ్ముతో గట్టిపడియున్నదేమో తొలుత చూడవలెను. వరికోత దినములలో దీనిని దినమునకొకసారి చూచినను తప్పులేదు. నీలి పొగ వచ్చినచో ఇంజిను ఆయిలు మండుచున్నదని తెలియవలెను. అది పంపు దోషము కాదు. తెల్లని పొగ చల్లని ఇంజినులో కొంతసేపు సహజమే. వేడెక్కిన పిదపను పోకున్నచో డీజిలులో నీరు చేరుట, నాజిలు చెడుట, టైమింగు వెనుకబడుట అనువానిలో ఏదో ఒకటి ఉండును.

ఏ నాజిలు పనిచేయుటలేదో తెలిసికొనుటకు సులువైన ఉపాయము కలదు. ఇంజినును నెమ్మదిగా నడుపుచు, పంపు వద్ద ఒక్కొక్క హైప్రెజరు పైపు నట్టును పానాతో కొంచెము వదులు చేసి మరల బిగింపవలెను. మంచి సిలిండరు నట్టు వదిలినప్పుడు ఇంజిను తడబడును. ఏ నట్టు వదిలినను తేడా లేదో ఆ సిలిండరే దోషి. ఈ పని చేయునపుడు గుడ్డ కప్పి, చేతిని ముఖమును దూరముగా నుంచవలెను. పాత ఇంజిన్లలో చాలవాటికి నాజిలు చదరపు సెంటీమీటరునకు 175 నుండి 220 కిలోల ఒత్తిడి వద్ద తెరచుకొనును. ఆ డీజిలు ధార చర్మమును చీల్చుకొని లోనికి దిగును. పైకి సూదిపోటువలె కనిపించును, మొదట నొప్పియు అంతగా ఉండదు. కాని గంటల వ్యవధిలో వేలు చెడి తీసివేయవలసిన స్థితి రావచ్చును. అట్లు జరిగినచో పసుపు అద్ది ఊరకుండక, డీజిలు లోనికి పోయినదని చెప్పి వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను.

ఇంజిను వేగము ఊయలవలె పెరుగుచు తరుగుచున్నచో మొదట డీజిలు పైపులలో గాలి చేరినదేమో, రేసు కడ్డీల కీళ్లు అరిగి వదులైనవేమో చూడవలెను. గవర్నరు వంతు ఆ తరువాతనే.

పంపు దించుట

ముందుగా పంపును, దాని చుట్టును గ్యాసు నూనెతోను బ్రష్షుతోను కడిగి ఆరనీయవలెను. ఇంజిను వేడిగా నున్నప్పుడు పంపుపై చన్నీరు చల్లరాదు. డీజిలు ట్యాంకు కుళాయి మూయవలెను. బ్యాటరీ తీగ ఒకటి తీసివేయవలెను.

తరువాత ఇంజినును చేతితో తిప్పి, మొదటి సిలిండరు కంప్రెషను చివర ఫ్లైవీలుపైగాని ముందు పుల్లీపైగాని ఉన్న పంపు గుర్తును ముల్లునకు సరిగా తేవలెను. మొదటి సిలిండరు వాల్వులు రెండును వదులుగా నున్నవో లేదో చూచినచో అది కంప్రెషనా, కాదా తెలియును. పంపు అంచుకును ఇంజిను డబ్బాకును కలిసి వచ్చునట్లు ఉలితో సన్నని గీత గీయవలెను. కంపెనీ గీత ఉన్నను మీ గీత వేరుగా గీయుట మేలు. ఏలయనగా ఎన్ని చేతులు మారిన పంపో, ఎవరు ఎట్లు కూర్చినారో తెలియదు; నిన్నటివరకు బండి ఏ స్థానమున బాగుగా నడచినదో ఆ స్థానమే మీకు కావలసినది. పంపు దించిన పిదప బిగించువరకు ఇంజినును తిప్పరాదు. పిల్లలు సెల్ఫు కొట్టకుండ తాళపు చెవి జేబులో వేసికొనుడు.

రేసు కడ్డీ, స్టాపు కేబులు ఏ రంధ్రములో నున్నవో కాగితముపై బొమ్మ వేసికొని పిమ్మట విడదీయవలెను. చేతిలో ఫోను ఉన్నచో ఒక ఫొటో చాలును. హైప్రెజరు పైపులు విప్పునపుడు రెండు పానాలు వాడవలెను: ఒకటి పంపు తలపైనున్న హోల్డరును కదలకుండ పట్టుటకు, రెండవది నట్టు తిప్పుటకు. ఒక్క పానాతో తిప్పినచో హోల్డరు కూడ వదులై లోపల కారును. విప్పిన ప్రతి మూతికి వెంటనే శుభ్రమైన ప్లాస్టికు మూత పెట్టవలెను. గుడ్డ పీలికలు కుక్కరాదు, వాటి నూలు పోగులే నాజిలు రంధ్రములను మూసివేయును. పైపులను వంచరాదు. పంపు బరువుగా నుండును. కడపటి నట్టు తీయునపుడు ఒకరు క్రింద పట్టవలెను.

కొన్ని పంపుల ఇరుసుకు ఒక గాడి తక్కినవాటికంటె వెడల్పుగా నుండును. అట్టిది ఒకే విధముగా లోపల కూర్చొనును గనుక బెంగలేదు. పండ్ల చక్రముతోనే బయటకు వచ్చు పంపు అయినచో, ఏ పన్ను ఏ సందులో నున్నదో రెండింటిపై రంగు చుక్క పెట్టి గాని లాగరాదు.

రైతు చేయు పని, షాపు చేయు పని

రైతు చేయదగిన పని తక్కువ కాదు. ఫిల్టర్లు రెండును మార్చుట, రేసు కడ్డీల కీళ్లు, పిన్నులు, తిరుగుడు స్ప్రింగులు కొత్తవి వేయుట, స్టాపు కేబులు మార్చుట, నాజిళ్లు తీసి పరీక్షకు పంపుట, పంపు అడుగు డబ్బాలోని ఆయిలు మార్చుట ఇవన్నియు ఇంటివద్దనే జరుగును. ఈ ఆయిలు సంగతి చాలమందికి తెలియదు. వరుస పంపు కామ్ ఇరుసునకు విడిగా ఆయిలు పోయు ఏర్పాటు ఉన్నచోట, ప్లంజర్ల ప్రక్కనుండి కారిన డీజిలు దానిలో కలిసి పలుచనగును. ఆయిలు తగ్గుటకు బదులు పెరిగినట్లు కనిపించినచో సంతోషపడరాదు. వెంటనే వంచివేసి కొత్తది పోయవలెను. గుండ్రని రోటరీ పంపులకు వేరే ఆయిలు లేదు. వాటికి డీజిలే ఆయిలు. ట్యాంకు ఎండిపోవువరకు నడపుట, నీరు కలిసిన డీజిలు పోయుట వాటికి ప్రాణాంతకము.

ఎలిమెంట్లు విప్పుట, డెలివరీ వాల్వులు మార్చుట, గవర్నరు బరువులను స్ప్రింగులను సరిచేయుట మాత్రము కాలిబ్రేషను బల్ల ఉన్న షాపు పని. ఆ బల్లపై పంపును మోటారుతో త్రిప్పి, అన్ని సిలిండర్లకు సమానముగా డీజిలు వచ్చుచున్నదో లేదో గాజు గొట్టములలో కొలుతురు. కంటి అంచనాకు అందని పని ఇది. పంపు ఇచ్చునపుడు బండి నమూనా, ఇంజిను నంబరు, పంపు బిళ్లపైని నంబరు వ్రాసి ఇవ్వవలెను. ఒకే తీరున కనిపించు రెండు పంపులకు లెక్కలు వేరుగా నుండును.

గరిష్ఠ వేగపు స్క్రూకును, గరిష్ఠ డీజిలు స్క్రూకును తీగ కట్టి సీసపు ముద్ర వేసి ఇత్తురు. బండికి బలము చాలలేదని ఆ ముద్ర తెంచి స్క్రూ తిప్పు మిస్త్రీలు కలరు. ఒకటి రెండు దినములు బండి హుషారుగా లాగినట్లుండును. అటుపిమ్మట పొగ నల్లబడి, డీజిలు ఖర్చు పెరిగి, పిస్టన్లు కాలును. బలము తగ్గుటకు కారణము అరిగిన ఎలిమెంటో, మూసుకొనిన ఫిల్టరో అయినచో స్క్రూ తిప్పి లాభమేమి?

నాజిలు కొనను ఇనుప బ్రష్షుతో రుద్దరాదు. మెత్తని ఇత్తడి బ్రష్షు, కొయ్య పుల్ల చాలును. నాజిలు సూదియు దాని గూడును జతగా అరగదీసి చేసినవి. ఒకదాని సూది మరొకదానిలో వేయరాదు. తిరిగి బిగించునపుడు పాత రాగి వాషరు గుంత అడుగుననే అంటుకొని యున్నదేమో దీపము వేసి చూడవలెను. దానిపై మరొకటి వేసినచో నాజిలు ఎత్తు మారి పొగ తప్పదు.

వాక్యూము గవర్నరు

కొన్ని పాత ట్రాక్టర్లకును, జీపులకును బరువుల గవర్నరుకు బదులు వాక్యూము గవర్నరు ఉండును. గాలి లోనికి పోవు గొట్టములో ఒక రెక్క, అచ్చటి నుండి పంపు వెనుకనున్న గుండ్రని డబ్బాకు ఒక సన్నని పైపు, డబ్బాలో ఒక తోలు పొర. ఇంజిను గాలిని పీల్చునపుడు ఆ పొర ర్యాకును వెనుకకు లాగి డీజిలును తగ్గించును. స్ప్రింగు దానిని ముందునకు నెట్టును.

ఇచ్చట ఒక మాట జాగ్రత్తగా గ్రహింపవలెను. సిరిసిల్లలో మరమగ్గము నడుపువారికి తెలియును: పేక పోగు తెగినచో మగ్గము ఆగిపోవును. దోషము కలిగినప్పుడు యంత్రము ఆగుట మంచి ఏర్పాటు. వాక్యూము గవర్నరు దీనికి విరుద్ధము. పైపు చీలినను, తోలు చిరిగినను పీల్పు పోయి, స్ప్రింగు ర్యాకును పూర్తిగా ముందునకు నెట్టివేయును. ఇంజిను ఆగదు, అదుపు తప్పి పరుగెత్తును.

కోరుట్ల ప్రాంతపు ఒక గ్రామములో పసుపు మెరుగుపెట్టు డ్రమ్ము తిప్పుచుండగా ఇట్లే జరిగినది. ఎలుకలు కొరికిన రబ్బరు పైపు ఊడిపోయినది. డ్రైవరు తాళపు చెవి తీసినాడు. పాత డీజిలు ఇంజిను చెవితో ఆగదు గదా! స్టాపు కేబులు తెగి రెండేండ్లయినది. అంతకాలము గేరులో వేసి, బ్రేకు తొక్కి, క్లచ్చి వదలి ఇంజిను ఆపుచుండెను. నిమిషమునకు 540 చుట్లు తిరుగవలసిన వెనుక ఇరుసు ఎంత వేగముతో తిరిగినదో ఎవరు లెక్కపెట్టగలరు? డ్రమ్ము కుదుపునకు కాళ్లు లేచినవి. ప్రక్క ఇంటి ముసలాయన ఒకరు ఎయిర్ క్లీనరు మూతిపై పీట అడ్డముపెట్టగా ఇంజిను ఊపిరాడక ఆగినది. కేబులు ఉన్నచో ఒక్క లాగుతో ఆగెడిది. ఏలయనగా స్టాపు లీవరు ర్యాకును నేరుగా లాగును, తోలు పొరతో దానికి పనిలేదు.

ఈ తోలు పొరను పరీక్షించుట సులభము. పంపు వద్ద పైపు విప్పి, స్టాపు లీవరును పూర్తిగా లాగి పట్టుకొని, డబ్బా మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, లీవరును వదలవలెను. పొర బాగుగా నున్నచో ర్యాకు కొంత జరిగి నిలిచిపోవును. వెంటనే పూర్తిగా వెనుకకు వచ్చినచో పొర చిరిగినదని గాని, ఎండినదని గాని తెలియవలెను. తోలును డీజిలుతోను గ్యాసు నూనెతోను కడుగరాదు; అది గట్టిపడి పగులును. కంపెనీ చెప్పిన నూనె కొద్దిగా పట్టించిన చాలును. రబ్బరు పైపులను మాత్రము అనుమానము కలిగినప్పుడెల్ల మార్చవలెను. వాటి వెలకంటె చవుక వస్తువు ఆ ఇంజినులో లేదు.

పంపు ఎక్కించి గాలి తీయుట

పంపును మీరు గీసిన గీతకు సరిగా తెచ్చి, నట్లను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగింపవలెను. పైపు నట్లను మొదట చేతితోనే పట్టించి, అన్నియు తిన్నగా కూర్చొనిన పిదప పానా వేయవలెను. బలవంతముగా లాగి కూర్చిన పైపు నెల దినములలో పగులును. రేసు కడ్డీ బిగించిన తరువాత లీవరును పూర్తిగా లాగినప్పుడు పంపు చేయి గరిష్ఠ స్క్రూకు తగులుచున్నదో, వదలినప్పుడు తక్కువ వేగపు స్క్రూకు తగులుచున్నదో చూడవలెను. రెంటిలో ఏది తగులకున్నను కడ్డీ పొడవు సరిచేయవలెను. ముద్రవేసిన స్క్రూను కాదు. పిన్ను స్థానములో బైండింగు తీగ చుట్టరాదు.

ఇక గాలి తీయుట. ట్యాంకు నిండుగా పోసి కుళాయి తెరచి, మొదటి ఫిల్టరు స్క్రూ వదలి, చేతి పంపు కొట్టవలెను. బుడగలు పోయి నిఖార్సయిన డీజిలు వచ్చినప్పుడు కొట్టుచుండగానే స్క్రూ బిగింపవలెను. రెండవ ఫిల్టరుకు, పంపుకు ఇదే క్రమము. కడపట నాజిళ్ల వద్ద పైపు నట్లను ఒక చుట్టు వదులు చేసి, లీవరు పూర్తిగా లాగి, సెల్ఫు కొట్టవలెను. డీజిలు చివ్వుచివ్వున వచ్చిన తరువాత బిగింపవలెను. సెల్ఫును ఒక్కమారు పది పదిహేను సెకండ్లకంటె ఎక్కువ కొట్టరాదు. నడుమ ఒక నిమిషము విరామమీయవలెను.

డీజిలు గూర్చి ఒక ముక్క. డబ్బాలలో తెచ్చిన డీజిలును ఒక రాత్రియైన కదలకుండ నుంచి, అడుగుది వదలి పైది పోసికొనవలెను. వానాకాలములో సాయంత్రము పని ముగిసిన వెంటనే ట్యాంకు నింపుట మంచిది. ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ నీరుగా మారి అడుగునకు చేరును.

మొదటిసారి స్టార్టు చేయునపుడు

పంపు ఎక్కించిన ఇంజినును మొదటిసారి నడుపునపుడు అది పరుగెత్తునని తలచియే సిద్ధముగా నుండవలెను. గేరు న్యూట్రలులో నుంచి, వెనుక ఇరుసు విడదీసి, పిల్లలను దూరముగా పంపి, ఒకరు స్టాపు లీవరు పట్టుకొని నిలువవలెను. మరొకరు ఎయిర్ క్లీనరు మూతికి సరిపడు చదునైన చెక్కతో సిద్ధముగా నుండవలెను. చేతిని, గుడ్డను అడ్డము పెట్టరాదు. సెల్ఫు కొట్టుటకు ముందే స్టాపు లాగినప్పుడు పంపు చేయి పూర్తిగా జరుగుచున్నదని కంటితో చూడవలెను. ఇంజిను అందుకొనగానే తక్కువ వేగమున ఐదు నిమిషములు నడిపి, స్టాపు లాగి ఆపి చూచి, మరల స్టార్టు చేసి, అప్పుడే లీవరు మెల్లగా పెంచవలెను.

గ్రామాధికారులకు, వ్యవసాయ విస్తరణాధికారులకు ఒక విన్నపము. హెచ్.ఎం.టి. వంటి ట్రాక్టర్ల తయారి నిలిచిపోయినది. వాటి పుస్తకములు కొనుటకు దొరకుట కష్టము. ఎవరి ఇంటనైన పాత పుస్తకమున్నచో దానిలోని టైమింగు గుర్తులు, నాజిలు ఒత్తిడి ఉన్న పుటలను నకలు తీయించి రైతువేదికలో నుంచినచో ఊరందరికి పనికివచ్చును. మే నెలలో ఒక దినము ఊరి ట్రాక్టర్లన్నింటిని అచ్చటికి పిలిపించి స్టాపు కేబుళ్లు మాత్రము పరీక్షించినను మేలే.

కొత్త ట్రాక్టర్లు కలవారు ఈ పద్ధతులను అనుసరింపరాదు. 50 హార్సుపవరునకు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి కొత్త పొగ నిబంధనలు వచ్చినవి. వాటిలో చాలవాటికి కంప్యూటరుతో నడచు కామన్ రైలు పంపు ఉండును. అందు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు వెయ్యి కిలోలకు మించును. నడుచుచుండగా నట్టు వదిలి సిలిండరును పరీక్షించు పాత అలవాటు అచ్చట ప్రాణాపాయము. అట్టి బండికి కంపెనీ షాపే దిక్కు.